ఆది జాకెట్టు

చిన్ని వాళ్ళ నాన్న రామకోటేశ్వరరావు ఇంట్లో వీధి గదికీ వంటింటికీ మధ్య ఒక చిన్న గది ఉంది. దానికి కిటికీ లేదు. గోడలో పసుపు రాసిన గూడు, గూట్లో ఒక ఇత్తడి చెంబు, కింద ఒక పీట. ఆ గది పేరంటాలుది. పెళ్ళి కాకుండానే కాలవలో పడి పోయిన ఆ ఇంటి ఆడపడుచు, చిన్ని మేనత్త ఛాయాదేవిది.

ఇంట్లో ఏ శుభకార్యం తలపెట్టినా ముందు ఆమెకి చీర పెట్టాలి. కొత్త చీర, దాని మీదికి జాకెట్టు గుడ్డ, గాజులు, పూలు, చలిమిడి పీట మీద పెట్టి, దీపం వెలిగించి, తలుపుకి తాళం వేసి ఆడవాళ్ళంతా బయట చాప మీద కూర్చుంటారు. కాసేపయ్యాక నాయనమ్మ సంపూర్ణమ్మ లేచి, తలుపు మీద వేళ్ళతో తట్టి, "అమ్మా, వస్తున్నాం" అని చెప్పి తాళం తీస్తుంది.

చీర పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. జాకెట్టు గుడ్డ మాత్రం ఉండదు.

చిన్ని పుట్టకముందు నించీ అంతే. చిన్నప్పుడు చిన్ని అది ఎలకల పని అనుకునేది. ఎలకలైతే చలిమిడి వదిలేసి గుడ్డ ఎందుకు పట్టుకుపోతాయో ఎంత ఆలోచించినా తేలేది కాదు. పెద్దవాళ్ళు మాత్రం గుడ్డ పోతే సంతోషించేవాళ్ళు. "పుచ్చుకుంది తల్లి. ఇక ఢోకా లేదు" అని సంపూర్ణమ్మ కళ్ళొత్తుకునేది. ఆ చీర చిన్ని వాళ్ళమ్మ కట్టుకునేది. పీట మీద గుడ్డ ఉన్న చోట అరచేతి మేర తడి మిగిలేది. దాన్ని గురించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. అమ్మ పాత గుడ్డతో తుడిచేసేది, అంతే.

చిన్ని అసలు పేరు కూడా ఛాయాదేవే. పోయినవాళ్ళ పేరు పెట్టుకోవాలి కాబట్టి పెట్టారు. పెట్టాక ఆ పేరుతో పిలవడానికి ఎవరికీ నోరు రాలేదు. బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఆ పేరు ఆమెకి వినిపించేది కాదు. అప్పుడు కూడా "ప్రెజెంట్ సార్" అని ఎంత మెల్లిగా అనేదంటే, మాస్టారు తలెత్తి, "వచ్చిందా, రాలేదా ఈ పిల్ల?" అని పక్కవాళ్ళని అడిగేవారు.

ఈ శ్రావణంలో పేరంటాలుకి చీర పెట్టింది అక్క శ్రీదుర్గ తాంబూలాల కోసం.

దుర్గ విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గర కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది. అదే షాపులో సిద్రా అనే అమ్మాయి. ఇద్దరూ ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళు. సంబంధం చూశామని నాన్న చెబితే దుర్గ ఊరికొచ్చి, అన్నం ముందు కూర్చుని, తల దించుకోకుండా చెప్పేసింది. "నాకు పెళ్ళొద్దు నాన్నా. నేను సిద్రాతో ఉంటాను. స్నేహితుల్లాగా కాదు. మీరూ అమ్మా ఉన్నట్టు."

నాన్న కలుపుకున్న ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"నేరం కాదని కోర్టు కూడా చెప్పింది నాన్నా."

"కోర్టొచ్చి మన బజార్లో సమాధానం చెబుతుందా?"

"టీవీలో కూడా చూపిస్తున్నారండీ ఈ మధ్య, ఇలాంటివాళ్ళు ఉంటారని..." అమ్మ నసిగింది.

"చూపిస్తారు. వాళ్ళ కూతుళ్ళు కాదుగా" అన్నాడు నాన్న.

సంపూర్ణమ్మ లేచి వెళ్ళి వీధి తలుపు గడియ వేసింది. ఆ గడియ చప్పుడికి ఆమే ఉలిక్కిపడినట్టు చిన్నికి అనిపించింది.

ఆ రోజు నించీ దుర్గ ఫోను నాన్న బీరువాలో ఉంది. చూసిన సంబంధమే ఖాయం చేసి తాంబూలాలకి ముహూర్తం కూడా పెట్టించాడు. దుర్గ ఏడవలేదు, అరవలేదు. పెరటి వెనక కాలవ రేవులో మెట్ల మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తుండేది. కాలవ నిండుగా, ఎర్రగా పారుతోంది. చిన్ని ఏదో ఒక వంకతో అక్కడికే వెళ్ళి కూర్చునేది. అక్కని ఒంటరిగా వదలకూడదని ఆమెకి ఎవరూ చెప్పలేదు, తనకే అలా తోచింది.

"చిన్నీ, కింద ఎవరో మిషను తొక్కుతున్నట్టు లేదూ?" అంది దుర్గ ఒక మధ్యాహ్నం.

"కింద ఎక్కడ?"

దుర్గ నీళ్ళు చూపించింది.

చిన్ని చెవి ఒగ్గి విన్నది. నిజమే. కుట్టు మిషను చప్పుడు. తొక్కడం, ఆగడం, మళ్ళీ తొక్కడం. "అవతలి గట్టున రూతు గారిది అయ్యుంటుందక్కా. నీళ్ళ మీంచి వినపడుతుంది" అంది. అవతలి గట్టుకేసి చూస్తే రూతు ఇంటి తలుపు వేసి ఉంది. ఆ రోజు ఆదివారం. రూతు చర్చిలో ఉండే వేళ అది.

చీర పెట్టిన రోజు మామూలుగానే గడిచింది. మామిడిపండు రంగు చీర, అదే రంగు జాకెట్టు గుడ్డ. తలుపు తెరిచేసరికి గుడ్డ లేదు. "పుచ్చుకుంది" అంది సంపూర్ణమ్మ. అయితే ఈసారి తడి పీట మీదే ఆగలేదు. గదిలోంచి పెరటి వైపు, దండెం దాకా, మచ్చలు మచ్చలుగా వెళ్ళింది. అమ్మ వెనకాలే తుడుచుకుంటూ వెళ్ళి, "ఎవరో చెంబు ఒలకబోసుంటారు" అంది. చెంబు నిండుగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే జంక్షన్‌లో టైలరు ఫోన్ చేసి, ముహూర్తాల రద్దీ, ఆదివారానికి జాకెట్టు ఇవ్వలేనని చెప్పేశాడు. తాంబూలాలకి దుర్గ కట్టుకోవాల్సిన పట్టుచీర జాకెట్టు గుడ్డ అలాగే ఉండిపోయింది. అమ్మ కాసేపు గింజుకుని, చిన్నిని వంటింట్లోకి లాగింది.

"రూతు దగ్గరికెళ్ళు. రెండు రోజుల్లో ఇస్తుంది. నాయనమ్మకి తెలిసిందో, నన్ను చంపేస్తుంది."

రూతు పేరు ఆ ఇంట్లో ఎత్తరు. ఊరందరికీ జాకెట్లు కుట్టేది ఆమే, ఈ ఇంటికి తప్ప. ఎందుకని చిన్ని ఒకసారి అడిగితే, "మీ అత్తా, ఆవిడా ఒకే మిషను మీద కుట్టు నేర్చుకున్నారట" అని మాత్రం అంది అమ్మ. అది కోపానికి కారణం ఎలా అవుతుందో చిన్నికి అప్పట్లో అర్థం కాలేదు. దుర్గ అన్నం ముందు చెప్పిన రోజు అర్థమైంది.

"ఆది జాకెట్టు కూడా పట్టుకెళ్ళు. ఆకుపచ్చది. దానికి సరిగ్గా సరిపోతుంది" అని అమ్మ దండెం దగ్గరికి వెళ్ళింది. ఆది అంటే, కొలతల కోసం టైలరుకిచ్చే పాత జాకెట్టు. దండెం మీద దుర్గ లంగా ఉంది, చున్నీ ఉంది. ఆకుపచ్చ జాకెట్టు లేదు. పెరడంతా వెతికారు. "గాలికి కాలవలో పడిందేమో" అంది అమ్మ. పట్టిన క్లిప్పులు రెండూ దండేనికి అలాగే ఉన్నాయి.

చిన్ని వంతెన దాటి రూతు ఇంటికి వెళ్ళింది. ఒంటి గది, ముందు రేకుల పంచ. పంచలో మిషను. రూతు తల సగం నెరిసింది. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ఎప్పుడూ తెల్లచీరే. చిన్నిని చూసి లేచి నిలబడింది.

"మా అమ్మ... జాకెట్టు... ఆదివారానికి..." చిన్ని గుడ్డ అందించింది. "ఆది జాకెట్టు కనపళ్ళేదండీ. అక్కని రమ్మంటే..."

"ఆది నా దగ్గరే ఉంది తల్లీ" అంది రూతు.

ఆమె లోపలికి వెళ్ళి తెచ్చిన దాన్ని చూసి చిన్ని రెండడుగులు వెనక్కి వేసింది. ఆకుపచ్చ జాకెట్టు. చంక దగ్గర అమ్మ వేసిన నల్లదారం కుట్టుతో సహా అక్కదే. తడిగా ఉంది.

"పొద్దున కిటికీలో ఉంది. ఇదెవరిదో తెలియక భయపడి చస్తున్నా. మీ అక్కదా?"

చిన్ని తల ఊపింది.

"రా. నీకొకటి చూపించాలి. భయపడకు. భయపడ్డా పర్లేదు, నేనూ పడుతున్నా."

మంచం కింద రేకు పెట్టె. రూతు మూత తీసింది. లోపల జాకెట్లు, మడతలు పెట్టి ఉన్నాయి. చిలకపచ్చ. ముదురు ఎరుపు. వంకాయరంగు. నీలం మీద జరీ చుక్కలు. చిన్నికి ఒక్కొక్కటీ తెలుసు. చిలకపచ్చది వాళ్ళ ఇల్లు తిరగకట్టినప్పటి గృహప్రవేశానికి పెట్టిన చీర రంగు. వంకాయరంగు అక్క ఓణీల ఫంక్షన్‌ది. నీలంది తన ఓణీలకి పెట్టింది. ఆ చీరలన్నీ అమ్మ బీరువాలో ఉన్నాయి. వాటి జాకెట్లు ఇక్కడున్నాయి.

"మీ ఇంట్లో చీర పెట్టిన మర్నాడు గుడ్డ ఈ కిటికీలో ఉంటుంది. తడిసి, కాలవ వాసనేస్తూ. నేను ఆరబెట్టి కుడతా. ఎవరి కొలతలని అడగక్కర్లేదు. ఛాయ కొలతలు నా చేతికి తెలుసు." రూతు పెట్టె మూత వేసింది. "నాకు పిచ్చనుకుంటారని ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికే నా మీద బోలెడు ప్రార్థనలు చేయించారు మా వాళ్ళు. పాస్టరు గారి చెయ్యి నా నెత్తి మీద నొప్పెట్టి ఆయనే మానేశాడు."

నవ్వబోయి ఆగింది.

"ఇన్నాళ్ళూ వచ్చినవన్నీ పోయినదానికి కుట్టినవి. ఈసారి గుడ్డతో పాటు ఆది వచ్చింది. అది చూసుకోకుండా పొద్దున అలవాటుగా కత్తెర పట్టుకుని కూర్చున్నా. చెయ్యి దానంతటదే ఈ కొలతలకి కత్తిరించేసింది, కుట్టేసింది. హుక్సులు కుట్టబోతుంటే ఒళ్ళు జలదరించింది. చూస్తే, ఇది ఛాయది కాదు."

మిషను మీద మామిడిపండు రంగు జాకెట్టు ఉంది. చేతులు, మెడ, నడుము, అన్నీ అయిపోయాయి. ముందు హుక్సులొక్కటే లేవు.

ఆ పెట్టెలోకి చేరేవి ఎవరి జాకెట్లో చిన్నికి తెలుసు. రేవులో కూర్చున్న అక్క వీపు కళ్ళ ముందు మెదిలింది.

"హుక్సులు కుట్టకండి" అంది. అంత గట్టిగా ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. ఆకుపచ్చ జాకెట్టు లాక్కుని వంతెన మీద పరుగెత్తింది.

ఇంట్లో వీధి గదిలో నాన్న, తాంబూలాలకి పిలవాల్సిన వాళ్ళకి ఫోన్లు చేస్తున్నాడు. నాయనమ్మ వక్కలు కత్తిరిస్తోంది. చిన్ని ఆ తడి జాకెట్టు తీసుకెళ్ళి నాయనమ్మ ఒళ్ళో పెట్టింది.

"అత్త పంపింది. రూతు గారి కిటికీలోకి. అక్క కొలతలతో కుట్టమని."

అమ్మ వంటింటి గుమ్మంలో గోడ పట్టుకుంది. చిన్ని, పెట్టె గురించి, అందులో రంగుల గురించి, హుక్సులు లేని జాకెట్టు గురించి ఆగకుండా చెప్పేసింది. చెబుతుంటే తన గొంతు తనకే వేరే వాళ్ళది లాగా వినిపించింది.

"దొంగముండ!" నాన్న లేచాడు. "ఏళ్ళ తరబడి మన ఇంట్లో గుడ్డలెత్తుకుపోతోందన్నమాట. ఇవాళ తేలుస్తా."

"కూర్చోరా" అంది సంపూర్ణమ్మ.

"ఏంటమ్మా కూర్చునేది?"

"ఆ గది తాళం నా బొడ్లో ఉంటుంది. నేను స్నానానికెళ్ళినా నాతోనే ఉంటుంది. ఎట్లా ఎత్తుకుపోయిందో చెప్పి అప్పుడు లే."

సంపూర్ణమ్మ జాకెట్టుని రెండు చేతుల్తో పట్టుకుని వాసన చూసింది. ఆమె ముఖం పసిపిల్ల ముఖంలా ముడుచుకుపోయింది.

"గుడ్డ పోతే ఒప్పుకుంది ఒప్పుకుంది అని మురిశాను. నేను పెట్టింది కట్టుకోదు, తనక్కావలసిన చోటికి పంపుకుంటోంది. ఇన్నేళ్ళూ తెలియలేదు నాకు." ఉన్నట్టుండి తలెత్తింది. "దుర్గేది?"

దుర్గ ఇంట్లో లేదు.

చిన్ని రేవుకి పరుగెత్తింది. వెనక నాయనమ్మ, మోకాళ్ళ నొప్పి మరిచిపోయి. దుర్గ మెట్ల మీద ఉంది. పై మెట్టు మీద కాదు, నీళ్ళలో మునిగిన మెట్టు మీద, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, తల పక్కకి వంచి ఏదో వింటోంది.

"అక్కా!"

"ష్. ఆగింది చిన్నీ. మిషను ఆగింది. ఒక్క పనే మిగిలిందట."

సంపూర్ణమ్మ చీర తడుస్తున్నా చూసుకోకుండా నీళ్ళలోకి దిగి మనవరాలి జబ్బ పట్టుకుంది. దుర్గని చూడలేదామె. నీళ్ళకేసి చూస్తూ మాట్లాడింది.

"ఛాయా, దీన్ని నాకొదిలెయ్ అమ్మా. నేను గడియ తీస్తాను. ఆనాడు నీకు తియ్యలేదు, ఈసారి తీస్తాను."

ఆ పేరు ఆమె నోటి వెంట రావడం చిన్ని వినడం అదే మొదటిసారి. కాలవలో నీళ్ళు మెట్టు అంచుకి తగిలి చిన్నగా వెనక్కి తగ్గాయి. దుర్గ ఒక్కసారి వణికి, ఎక్కడున్నదీ అప్పుడే తెలిసినట్టు, "నాయనమ్మా, నేనిందులోకెప్పుడు దిగాను?" అంది.

తడి చీరతోనే సంపూర్ణమ్మ గదిలోకి వెళ్ళింది. పీట మీది మామిడిపండు రంగు చీర చంకన పెట్టుకుంది. ఒక చేత్తో దుర్గనీ, ఒక చేత్తో చిన్నినీ పట్టుకుని, అందరూ చూస్తుండగా బజారు మీదుగా వంతెన దాటింది. అంగడి దగ్గర కూర్చున్న వెంకటప్పయ్య, "ఏంటి వదినగారూ, అటు వైపు?" అని అడిగాడు. "చీర పెట్టడానికి" అంది ఆగకుండానే.

రూతు పంచలోనే నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఛాయ పోయాక వాళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడటం అదే మొదలు.

"పెద్దదానివైపోయావే రూతూ" అంది సంపూర్ణమ్మ.

"మీరు ముసలివారైపోయారండీ" అంది రూతు.

"ఇది నీది. ప్రతిసారీ నీదే అయ్యుండాలి. నాకు తోచలేదు." చీర చాచింది. "తీసుకో. నేను చచ్చేలోగా ఒక్కసారి కట్టుకుని కనపడు."

రూతు చీర తీసుకోలేదు. దుర్గకేసి చూసింది. "ఈ అమ్మాయికి ఆదివారం తాంబూలాలంట గదండీ?"

"లేవు."

"నిజంగా?"

"దీని ముందే చెబుతున్నాను గదే! విజయవాడ పంపిస్తాను. దానికి ఎవరితో కావాలో వాళ్ళతోనే ఉంటుంది. నాకర్థమైందని అనను. ఇంకొక పీట వెయ్యలేను ఆ గదిలో. అంతవరకూ అర్థమైంది."

దుర్గ గోడకి జారగిలబడి అప్పుడు ఏడ్చింది, ఊరికొచ్చాక మొదటిసారి.

రూతు మిషను దగ్గర కూర్చుని, బ్లేడు తీసి, మామిడిపండు రంగు జాకెట్టు కుట్లు విప్పడం మొదలెట్టింది. ముందు చేతులు. తర్వాత భుజాలు. దారం తెగినప్పుడల్లా ఎవరో ఊపిరి వదిలినట్టు సన్నని చప్పుడు. అంతా విప్పి ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టాక, అప్పుడు చేతులు తుడుచుకుని చీర అందుకుంది.

ఇంటికొచ్చాక నాన్న గొడవ చేశాడు. చెయ్యడా మరి? "పెళ్ళివారికేం చెప్పనమ్మా? ఫలానా అని చెప్పనా?"

"పేరంటాలు ఒప్పుకోలేదని చెప్పు" అంది సంపూర్ణమ్మ, వక్కలు డబ్బాలోకి ఎత్తుతూ. "ఆ మాటకి ఎదురు చెప్పే మగాడు మన వైపు ఉంటే చూస్తాను."

అలాగే చెప్పాడు. అవతలి వాళ్ళు, "అయ్యో, అలాంటప్పుడు వద్దండీ, మాకూ పిల్లలున్నారు" అని రెండు నిమిషాల్లో ఫోన్ పెట్టేశారు. నాన్న బీరువా తీసి దుర్గ ఫోను తెచ్చి, ఆమె చేతికివ్వకుండా, ఆమె పక్కన మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు దుర్గ బస్సెక్కింది. చిన్ని ఆకుపచ్చ జాకెట్టుని దండెం మీద వేసింది. ఎర్రటి ఎండ కాసినా అది ఆరలేదు. పిండితే నీళ్ళు కారుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. వెనకాల బెంజ్ సర్కిల్ హారన్లు, ఎవరో అమ్మాయి "నన్నూ మాట్లాడనీ దుర్గా" అనడం, నవ్వు. చిన్ని ఫోన్ పెట్టేసి వెళ్ళి జాకెట్టు ముట్టుకుంది. వెచ్చగా, కరకరలాడుతూ ఆరిపోయి ఉంది.

కొన్నాళ్ళకి నాన్నకి చత్వారం వచ్చింది. కళ్ళజోడుకి ఏలూరు వెళ్తానని బయల్దేరి విజయవాడ వెళ్ళొచ్చాడు. "ఆ అమ్మాయే పెట్టింది" అని ఒక్క మాట అన్నాడు అమ్మతో, అద్దాలు పంచె అంచుతో తుడుచుకుంటూ. "చెవుల దగ్గర నొప్పిగా ఉందా అంకుల్ అని రెండుసార్లు అడిగింది."

వానలు వెనకపట్టే రోజుల్లో ఒక ఆదివారం, చిన్ని వంతెన మీద సైకిలు నడిపించుకుంటూ వస్తోంది. చినుకులు పడుతున్నాయి. ఎదురుగా రూతు, చర్చి నించి. మామిడిపండు రంగు చీర కట్టుకుంది. చేతిలో గొడుగు. గొడుగు ఆమె నెత్తి మీద లేదు. కాలవ వైపు పక్కకి, మనిషి పట్టేంత ఖాళీ మీదికి వంచి పట్టుకుంది. ఆమె కుడి భుజం తడిసిపోయింది. చినుకు పడని ఆ గొడుగు కింద కూడా వంతెన సిమెంటు మీద తడి అడుగులున్నాయి, ఎవరో పక్కన నడిచినట్టు.

రూతు ఆగింది. ఆ పక్కకి తల వంచి విని, నవ్వింది.

"నీ పేరేంటని అడుగుతోంది."

చిన్ని సైకిలు హ్యాండిలు గట్టిగా పట్టుకుంది. ఎవరూ లేని ఆ చోటికేసి చూసి, మాస్టారు హాజరు పిలిస్తే ఎన్నడూ పలకనంత స్పష్టంగా చెప్పింది.

"ఛాయాదేవి."

రూతు చెయ్యి కదల్లేదు. గొడుగు మాత్రం మెల్లిగా ఇటు వంగి, చిన్ని మీద పడే చినుకులకి అడ్డంగా వచ్చి ఆగింది.